సువార్తమ్మ టీచరుగారి ఆర్గన్‌కి నాలుగు రీడ్లు

కాశీ పోయొచ్చినవాళ్లు గంగ గురించి రాస్తారు. సింగపూరు పోయొచ్చినవాళ్లు అక్కడి రోడ్ల శుభ్రం గురించి రాసి మన ప్రాణం తీస్తారు. నేను తాడేపల్లి నించి పర్చూరు అవతల దాకా పోయొచ్చాను. తిన్నగా పోతే మూడు గంటల దారి. నాకు నాలుగు రోజులు పట్టింది. మీరెవరూ పనిగట్టుకుని అటు పోరు గనక, మీ తరఫున నేనే చూసొచ్చి రాస్తున్నాను. వచ్చి వారమైంది, తుమ్ములు ఇంకా ఆగలేదు.

నా పేరు మస్తాన్. తాడేపల్లిలో హార్మోనియాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. మా నాన్న రాములవారి కల్యాణాల్లో సన్నాయి వాయించేవాడు, శుక్రవారం నమాజుకి పోయేవాడు. నేను భజన మందిరాల పెట్టెలూ, చర్చిల పెట్టెలూ, నాటకాలవాళ్ల పెట్టెలూ అన్నీ బాగుచేస్తాను. ఏ దేవుడూ నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అనేదంతా కమిటీలే.

బుధవారం పొద్దున్నే ఫోను మోగింది. సువార్తమ్మ టీచరుగారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. వాళ్ల ఊరి చర్చిలో పదహారో ఏట నించీ ఆర్గన్ వాయిస్తున్నారు. పదేళ్ల కిందట ఒకసారి పోయి దాని తిత్తికి తోలు అతికించి వచ్చాను.

"ఏవయ్యా మస్తానూ, బతికే ఉన్నావా?"

"ఉన్నానండి, మీ దయ."

"అయితే బయల్దేరు. ఆర్గన్‌లో నాలుగు మెట్లు మూగబోయినయ్యి. ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగు పెట్టారు. మోగితే ఉంటది. మోగకపోతే వాడరేవు కాడ కొత్తగా కట్టిన రిసార్టువాళ్లకి అమ్మేస్తారంట. దాని మీద చేపల తొట్టి పెట్టుకుంటారంట వాళ్లు!"

తెలియనివాళ్లకి చెబుతాను. మన చర్చిల్లో ఆర్గన్ అంటే సినిమాల్లో చూపించే ఇల్లంత గొట్టాల వాద్యం కాదు. బీరువా అంత చెక్కపెట్టె. కింద రెండు కాళ్లతో తొక్కితే లోపల తిత్తి ఆడుతుంది. పైన మెట్టు నొక్కితే గాలి ఒక ఇత్తడి నాలుక మీదుగా పోతుంది, ఆ నాలుక పలుకుతుంది. ఆ నాలుకనే రీడు అంటాం. మెట్టుకో రీడు. అలాంటివి ఇప్పుడు ఎవరూ చెయ్యరు. కావాలంటే ఇంకో చచ్చిపోయిన ఆర్గన్ లోంచి పీక్కోవాలి. అందుకని శవాల వేటకి బయల్దేరాను.

గుంటూరు: గొట్టాల వెనక

గుంటూరులో దిగగానే ముందు టిఫిను. నాలుగిడ్లీ, నెయ్యి, కారప్పొడి, యాభై రూపాయలు. మా వైపు చట్నీ అడిగితే చట్నీ వేస్తారు. ఇక్కడ చట్నీ అడిగితే "కారం వద్దాండీ?" అని రోగిష్టివాణ్ణి చూసినట్టు చూశాడు. పరువు కోసం కారంతోనే తిన్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే సర్వరు తృప్తిగా నవ్వాడు.

రెండు రోజులు అడుగుతూ తిరిగితే, ఒక పెద్ద చర్చిలో పాత పెడలు ఆర్గన్ మూలన పడి ఉందని ఎవరో చెప్పారు. పేరు రాయను. లోపలికి పోతే ఎదురుగా గోడంతా బంగారు రంగు గొట్టాలు! నా గుండె ఆగినంత పనయింది. నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉండి, మన గుంటూరులో గొట్టాల ఆర్గన్ ఉందని తెలియకపోవడమా అని సిగ్గుపడ్డాను.

గంట కొట్టే పెద్దాయన తాళాల గుత్తితో వచ్చాడు.

"లండన్ నించి వచ్చినయ్యండి," అన్నాడు.

"ఎవరు వాయిస్తారు?"

"వాయించేదేం లేదండి. పెళ్లిళ్లకి ఫొటోల్లో బాగా పడతయ్యి."

వెనక తలుపు తీశాడు. గొట్టాల వెనక ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి, క్రిస్మస్ నక్షత్రం, పశువులపాక కట్టే గడ్డి, రెండు స్పీకర్లు ఉన్నాయి. మరి ఈ గొట్టాలెందుకయ్యా అంటే, ఆయన తాత చెప్పిన చరిత్ర చెప్పాడు. వెనకటికి గొట్టాల ఆర్గన్ తెప్పిద్దామని చందాలు వేశారంట. చందాలు గొట్టాల దాకా వచ్చాయి, ఆర్గన్ దాకా రాలేదు. ఉన్న గొట్టాలు గోడకి పెట్టి రంగేశారు. ఇప్పుడు కీబోర్డులో 'పైప్ ఆర్గన్' అని ఒక మీట ఉంది, అది నొక్కుతారు. జనం గొట్టాల వంక చూస్తూ స్పీకర్లు వింటారు.

"పాత పెడలు ఆర్గన్ మాటేంటి?"

"చెదలు పట్టిందండి. చెక్క పోయింది. ఇత్తడి పాత సామాన్లవాడికి వేశాం."

ఎన్ని రీడ్లయ్యా బాబూ, నూటికి పైగా ఉంటాయి కదయ్యా అని తల పట్టుకున్నాను. "ఆయనకి రెండు స్టీలు బకెట్లు కూడా కలిపేశామండీ, అందుకే ఒప్పుకున్నాడు," అన్నాడు పెద్దాయన గర్వంగా. గుంటూరులో నా పని అయిపోయింది.

చిలకలూరిపేట దారి: చావు పాటకి చిందులు

శుక్రవారం పేట దాటాక షేరాటో ఎక్కాను. మిరప కోతలకి పోయే ఆడవాళ్లు ఎనిమిది మంది, నేను, నా పనిముట్ల సంచి. రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పత్తి లోడు లారీలు పోతుంటే దూది చెట్ల కొమ్మలకి పట్టుకుని వేలాడుతోంది. మా తాడేపల్లిలో చెట్లకి వేలాడేవి అపార్ట్‌మెంటు బ్యానర్లు. ఎవరి పంట వాళ్లది.

"ఏం పని మీద పోతన్నా బాబాయ్?" అని ఒకామె అడిగింది.

"చర్చిలో ఆర్గన్ బాగుచెయ్యడానికమ్మా."

"పాస్టరుగారా?"

"కాదమ్మా, మస్తాన్‌ని."

ఇంకొకామె ఆలోచించింది. "అయితే ఏవైంది? మా పాస్టరుగారి బండి బాగుచేసేది ఆంజనేయులే," అంది. ఆటోలో చర్చ అంతటితో ముగిసింది. టీవీలో అయితే ఇదే విషయానికి గంటన్నర పడుతుంది.

రోడ్డు పక్క ఊళ్లో చిన్న చర్చి. అక్కడి అయ్యగారు, అంటే పాస్టరు, మంచి మనిషి. ఆయన ముందుగదిలో ఆర్గన్ కనిపించింది. పైన టీవీ, టీవీ పక్కన అన్నం కుక్కరు. పెడళ్లు ఉండాల్సిన చోట చెప్పులు.

"లండన్ నించి వచ్చిందండి," అన్నారు అయ్యగారు. ఈ జిల్లాల్లో ఆర్గన్లన్నీ లండన్‌దే, పట్టుచీరలన్నీ కంచిదే.

రీడ్లు కావాలంటే సరేనన్నారు. ఒక షరతు పెట్టారు. వాళ్ల కీబోర్డులో రిథమ్ మీట ఒకచోట ఇరుక్కుపోయింది, అది బాగుచేసి పెట్టాలి. ఏ పాట మొదలెట్టినా వెనక ఒకటే దరువు, ఊరేగింపు దరువు. పెళ్లికి అదే, బాప్తిస్మానికి అదే.

"మొన్న ఒక పెద్దాయన పోయాడు మస్తాన్ గారూ. సమాధి దగ్గర పాట ఎత్తుకున్నాం. దరువు మొదలైంది. మోసుకొచ్చిన నలుగురూ అడుగులెయ్యడం మొదలెట్టారు. ఆపుదామంటే ఆగలేదు."

"కుటుంబం వాళ్లు ఏమన్నారండీ?"

"బాగా సాగనంపామన్నారు. నాకే మనసొప్పలేదు."

నాకు కరెంటు వాద్యాలు రావు. రావని చెబితే రీడ్లు రావు. స్పిరిట్టులో దూది ముంచి మీట చుట్టూ తుడిచాను. ఎన్నేళ్ల బిస్కెట్టు పొడో, నల్లగా ఊడొచ్చింది. మీట టక్కుమని పైకి లేచింది. అయ్యగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. అమ్మగారు కోడికూరతో అన్నం పెట్టారు. టీవీ దించి, కొక్కెంతో పన్నెండు రీడ్లు లాగి ఊది చూస్తే, నాకు కావలసిన నాలుగూ దొరికాయి. ఆ రాత్రి అక్కడే పడుకుని శనివారం తెల్లవారగానే బస్సెక్కాను.

పర్చూరు అవతల: దేవుడి మిరపకాయలు

ఈ ఊరి పేరు అసలే రాయను. రాస్తే ఇంకోసారి నాకు అన్నం పెట్టరు.

సువార్తమ్మ టీచరుగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. సన్నగా, నిటారుగా, తెల్ల చీరతో. వేళ్లు కణుపుల దగ్గర వంకర తిరిగాయి.

"ఇట్టాంటి వేళ్లతో ఎట్టా వాయిస్తున్నారండీ?"

"వాయిస్తేనే ఆ నొప్పి తగ్గేది. ఆదివారం ఆ గంటా కూర్చుంటే మిగతా ఆరు రోజులూ మనిషినయ్యా నేను. అది పోతే ఇంక నన్ను ఏ రోజుకారోజు మంచం మీద చూడాల్సిందే." ఆమె ఏడవలేదు. మళ్లీ ఆమే, "ముందు తిను, మొహం పీక్కుపోయింది," అని దోసకాయ పప్పు, పండుమిరప పచ్చడి పెట్టారు.

తింటుంటే చర్చి సెక్రటరీ జీవరత్నం గారు వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఆర్గన్ అమ్మి పెద్ద స్పీకర్లు కొనాలన్నది ఈయన పట్టుదల. కీబోర్డు వాయించేది ఈయన అల్లుడే.

"లండన్ రాణిగారు మా ఊరికి బహుమానంగా పంపిందండి అది," అన్నారు. అమ్మేవాడికి సరుకు చరిత్ర బాగా తెలియాలి కదా.

"ఏం రాణి? దొరసానమ్మ తెచ్చుకుంది," అన్నారు టీచరుగారు. "ఓడలో మద్రాసు, మద్రాసు నించి కాలవలో పడవ, చీరాల కాడ దించి ఎడ్లబండి. దారిలో వానొస్తే గొడుగు ఆర్గన్‌కి పట్టి ఆమె తడిసిందంట. మా నాయనమ్మ బండి వెనక నడిచింది, ఆమె చెప్పింది నాకు."

చర్చికి పోయి వెనక పై పలక ఊడదీశాను. చెక్క మీద బెత్తెడేసి అక్షరాలతో అచ్చేసి ఉంది, అమెరికాలో ఏదో ఊరి పేరు. జీవరత్నం గారికి చూపించాను. ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అమెరికాలో కూడా లండన్లు ఉంటయ్యండి," అన్నారు.

మూగబోయిన నాలుగు రీడ్లు లాగితే ఎర్రగా ఏదో పట్టి ఉంది. కళ్లజోడు టీచరుగారి ఇంట్లో మర్చిపోయాను. తుప్పు అనుకున్నాను. ఇత్తడికి ఎర్ర తుప్పేంటిరా మస్తానూ అని నన్ను నేను అడుక్కోవాలి కదా! అడుక్కోలేదు. తీసి పక్కన పడేసి, తెచ్చిన నాలుగూ దూర్చాను. తిత్తి సంగతి చూద్దామనుకుని, పదేళ్ల కిందట నేను అతికిందే కదా, దానికేమవుతుందని వదిలేశాను. పొగరు.

సాయంత్రం నాలుగింటికి పరీక్ష. ఆ ఊరి పాస్టరుగారు, జీవరత్నం గారు, కమిటీవాళ్లు ఐదుగురు ముందు బెంచీలో కూర్చున్నారు. టీచరుగారు చీర చెంగు దోపుకుని, ముందు గాలి నిండాలని గబగబా తొక్కారు.

మొదటి దగ్గు పాస్టరుగారిది. రెండోది నాది. మూడోది ఎవరిదో లెక్కపెట్టే స్థితిలో లేను. పెడళ్ల సందుల్లోంచి, మెట్ల సందుల్లోంచి ఎర్రటి పొగ లేచింది. పొగ కాదు, కారం! కళ్లు మండి, ముక్కులు కారి, కమిటీ మొత్తం ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి పరిగెత్తింది. ఈ కమిటీ ఏకగ్రీవంగా ఒక పని చెయ్యడం అదే మొదటిసారని తర్వాత టీచరుగారు చెప్పారు.

బోరింగు దగ్గర అందరం మొహాలు కడుక్కున్నాక జీవరత్నం గారు మెల్లిగా బయటపెట్టారు. వాళ్ల ఊళ్లో కోతల పండగని చేస్తారు. తొలి పంట చర్చికి తెచ్చిస్తారు, వేలం పాడతారు. నాలుగేళ్ల కిందట వేలంలో ఎవరూ పాడని రెండు బస్తాల మిరపకాయలు మిగిలిపోయాయి. అప్పుడే ఎలకలు తిరుగుతున్నాయని టీచరుగారు గోల పెడుతున్నారు. మిరపకాయ ఉన్నచోటికి ఎలక రాదని ఈ నేల మీద పసివాడికి కూడా తెలుసు. ఇంట్లో ధాన్యంలో వేస్తారు, బట్టల పెట్టెలో వేస్తారు. ఈయన ఆర్గన్‌లో వేయించారు. పై మూత తీసి రీడ్ల మీద ఒక గంప, కింద తిత్తి చుట్టూ ఒక బస్తా.

"తేజ రకమండి, మంచి ఘాటు," అన్నారు చీదుకుంటూ. "దేవుడికిచ్చినయ్యి కదా, ఉత్తవి వేస్తామా?"

"ఓరి నీ తెలివి తెల్లారా! నాలుగేళ్లుగా పాట మధ్యలో అందరూ ఎందుకు దగ్గుతున్నారో నాకు ఇప్పుడు తెలిసిందిరా జీవరత్నం," అన్నారు టీచరుగారు. ఆయన ఆవిడ దగ్గర మూడో తరగతి చదివాడు మరి, అనొచ్చు.

కింద పలక ఊడదీశాను. పైన వేసినవీ కిందికి రాలి, ఎండి పొడైపోయిన కాయలు మోకాటి ఎత్తు. తిత్తి తోలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క ఎలక పంటి గాటు లేదు. జీవరత్నం గారు వంగి చూసి, "చూశారా!" అని నా భుజం తట్టారు. ఆ మాట మాత్రం నిజం.

పత్తి చేలకి మందు కొట్టే పవర్ స్ప్రేయరు తెప్పించి, మందు లేకుండా ఉత్త గాలి కొట్టాం. చీకటి పడేదాకా కొట్టాం. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, పక్కన పడేసిన పాత రీడ్లు తీసి చూశాను. తుప్పు కాదు, మిరప గింజలు నాలుక కింద ఇరుక్కున్నాయి. స్పిరిట్టుతో కడిగి ఊదితే నాలుగూ కోయిల్లా పలికాయి. గుంటూరు వెళ్లనక్కర్లేదు, పేట వెళ్లనక్కర్లేదు, ఒకడి టీవీ దించనక్కర్లేదు. మూడు రోజులు ఊళ్లు పట్టుకు తిరిగింది నాలుగు మిరప గింజల కోసం! కొత్తవి పీకి పాతవే దూర్చాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆదివారం

చెప్పులు బయట విడిచి లోపలికి పోయాను. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, తలల మీద చెంగులు. మా దర్గాలోనూ ఇంతే. తేడా ఒక్కటే, ఇక్కడ ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

ఆర్గన్ తయారైంది ఇంగ్లీషు పాటలకి. మన కీర్తనలో స్వరం ఊగాలి, జారాలి. ఆర్గన్ మెట్టు ఊగదు, నొక్కితే నొక్కినట్టు బిర్రబిగుసుకుని ఉంటుంది. మరి ఈవిడ ఏం చేశారంటే, ఎడమచేత్తో రెండు మెట్లు నొక్కి శ్రుతి వదలకుండా పట్టారు. కుడిచేత్తో ప్రతి స్వరానికీ ముందు దాని పక్క స్వరాన్ని ఇలా ముట్టుకుని జారారు. మోకాలితో పక్క పలకని నెడుతూ గాలిని పెంచారు, తగ్గించారు. అంత మొండి పెట్టె ఊగింది. చిన్నప్పుడు నాన్న సన్నాయి పక్కన కూర్చుని నేను ఒత్తు ఊదేవాణ్ణి. ఒకే స్వరం, గంటలు గంటలు. బుగ్గలు నొప్పెట్టి ఏడిస్తే, "నువ్వు నిలబడితేనేరా నేను తిరగగలిగేది," అనేవాడు. ఆ మాట ఎన్నో ఏళ్లకి గుర్తొచ్చి ఏడ్చాను. పక్కాయన కారం ఇంకా పోలేదనుకుని రుమాలు ఇచ్చాడు.

ఎవరూ దగ్గలేదు. నాలుగేళ్లలో మొదటిసారి పాట మొత్తం పాడారు.

ప్రసంగం అయ్యాక జీవరత్నం గారు కాగితంతో లేచారు. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

"అమ్మే ప్రసక్తే లేదు," అన్నారు. చప్పట్లు. నేనూ కొట్టాను. టీచరుగారు బల్ల మీద కూర్చుని తలొంచుకున్నారు. చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"ఇంత గొప్ప వస్తువు పాడవకూడదు," ఆయన ఇంకా చదువుతున్నారు. "కాబట్టి దీన్ని అద్దాల బీరువాలో పెట్టి, లోపల లైట్లు వేసి, తాళం సెక్రటరీ దగ్గర ఉంచాలనీ, ఇకమీదట ఎవరూ ముట్టుకోకూడదనీ తీర్మానం. పైన మా నాన్నగారి పేరున పాలరాయి వేయిస్తాను. ఇన్నేళ్లు సేవ చేసిన మన టీచరుగారికి ఈ సందర్భంగా ఘనంగా సన్మానం."

ఆమె లేచేలోగానే శాలువా కప్పేశారు. మన దేశంలో ఎవరినైనా ఇంటికి పంపాలంటే శాలువాని మించిన ఆయుధం లేదు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. సన్మానం అనుకున్నారు పాపం. జీవరత్నం గారు అల్లుడి వంక చూశారు, అల్లుడు కీబోర్డు మీద గుడ్డ తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే నేను ఏ హోదాలో లేస్తాను? పెట్టె బాగుచేసేవాణ్ణి. కూర్చున్నాను.

"తీర్మానం ఇష్టమైనవాళ్లు చేతులెత్తండి," అన్నారు జీవరత్నం గారు.

టీచరుగారు శాలువాతోనే బల్ల మీద ఆర్గన్ వైపు తిరిగారు. రెండు కాళ్లూ పెడళ్ల మీద పెట్టారు. చప్పుడు పెంచే మీటలన్నీ బయటికి లాగి, మోకాలు పక్కకి నెట్టి, ముగింపు పాట ఎత్తుకున్నారు.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ముగింపు పాట మొదటి స్వరం వినపడగానే ఎవరైనా సరే లేచి నిలబడాలి, చేతులు జోడించాలి. పాట అయ్యాక పాస్టరుగారు ఆశీర్వాదం చెప్పాలి. ఆశీర్వాదం అయ్యాక ఇంకో మాట మాట్లాడకూడదు, ఇంటికి పోవాలి. తాతల నాటి పద్ధతి, మార్చే ధైర్యం ఎవరికీ లేదు. ఎత్తబోయిన చేతులు జోడించుకుపోయాయి. జనమంతా లేచి పాడారు. జీవరత్నం గారు చేతిలో కాగితంతో ఒక క్షణం అటూ ఇటూ చూసి, కాగితాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి, తనూ గొంతు కలిపారు. పాస్టరుగారు కళ్లు మూసుకుని ఆశీర్వాదం చెప్పేశారు. చివర్లో ఆయన పెదవుల మీద నవ్వు నేను చూశాను. అందరూ చెప్పుల కోసం పోయారు.

నేను సంచి సర్దుకుని ఆవిడ దగ్గరికి పోయాను. ఆమె శాలువా మడిచి, బల్ల ఎత్తు చాలట్లేదని దాన్ని కిందేసుకుని కూర్చున్నారు.

"వచ్చే ఆదివారం మళ్లీ చదువుతాడు కదండీ ఆ కాగితం?" అన్నాను.

"చదవనీవయ్యా. ప్రతి ఆదివారం చదవనీ. ముగింపు పాట ఎప్పుడు మొదలెట్టాలో నా ఇష్టం గదా."